ముక్కు సర్జరీ చేయించుకున్నవాళ్లు ఉన్నారా? ముందే ఏం తెలుసుకోవాలి?

పక్కఫోజు:
నా ముక్కు దూలం మీద బొడిపె ఉంటుంది, ఎదురుగా చూస్తే తెలీదు కానీ పక్కనుంచి ఫొటో తీస్తే అదే కనిపిస్తుంది. పదేళ్లుగా అనుకుంటూ ఇప్పటికి డబ్బులు కూడబెట్టాను. డాక్టర్ నా ఫొటోలో కొత్త ముక్కు పెట్టి కంప్యూటర్‌లో చూపిస్తే సంతోషంతో తల ఊపేసి వచ్చా, ఇంటికొచ్చాక టెన్షన్ మొదలైంది. వారంలో ఆఫీసుకు వెళ్లొచ్చంటున్నారు, నిజమేనా? కళ్లజోడు కూడా ఉందండి నాకు.

వాననీళ్లు:
వెళ్లొచ్చు, కానీ కొత్త ముక్కుతో కాదు, వాచిన ముక్కుతో. నాకు మూడేళ్లయింది. మొదటి వారం నోటితోనే ఊపిరి, పెదాలు ఎండిపోయి పగిలాయి, తల ఎత్తుగా పెట్టుకుని పడుకోవాలి, కళ్లకింద కమిలి నీలంగా అయింది. ఏడో రోజు స్ప్లింట్, అంటే ముక్కు కదలకుండా పైన వేసిన గట్టి పట్టీ, తీశాక అద్దంలో చూసుకుని ఏడ్చేశాను, కొన పైకి లేచి లావుగా ఉంది. అదంతా వాపే. చాలావరకు కొన్ని వారాల్లో తగ్గుతుంది కానీ అసలు రూపు రావడానికి ఏడాది, చర్మం మందంగా ఉంటే ఇంకా ఎక్కువే పట్టొచ్చు, కొన దగ్గర అన్నిటికంటే ఆలస్యం. కళ్లజోడు నాలుగు నుంచి ఆరు వారాలు దూలం మీద ఆనకూడదన్నారు, నేను మధ్యలో టేపు వేసి నుదుటికి అంటించుకుని తిరిగా, ఆఫీసులో అందరూ ముక్కు వదిలేసి ఆ టేపునే చూశారు.

సగంనిద్ర:
సెల్ఫీలు చూసి నిర్ణయించుకోలేదు కదా? 2018లో వచ్చిన ఒక లెక్క ప్రకారం అడుగు దూరం నుంచి తీసిన సెల్ఫీలో ముక్కు, ఐదడుగుల నుంచి తీసినదానికంటే దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుంది.

పక్కఫోజు:
లేదండి, ఫ్రెండ్ దూరం నుంచి తీసినవే. ఇంజక్షన్‌తో కూడా సరిచేస్తారట కదా, అది నయమా?

రెండోసారి:
ఆ ఇంజక్షన్‌తో ఎక్కించేదాన్ని ఫిల్లర్ అంటారు, అంటే ఉన్నదానికి ఇంకొంచెం కలపడమే, బొడిపెకు పైనా కిందా నింపి తిన్నగా ఉన్నట్టు చూపిస్తారు, ముక్కు చిన్నదవదు. పైగా పొరపాటున రక్తనాళంలోకి వెళ్తే చర్మం చచ్చిపోవచ్చు, అరుదుగా చూపే పోవచ్చు.

నా గోడు వినండి. నేను అందం గురించే అడిగాను, ఊపిరి గురించి అడగలేదు. ఎముక ఎక్కువగా తీసేశారు, ముక్కు సన్నగానే వచ్చింది, రాత్రిళ్లు ఒకవైపు గాలి ఆడేది కాదు. మళ్లీ చేయించుకుందామంటే వాపు పూర్తిగా తగ్గాలని ఏడాదికి పైగా ఆపారు. లోపలి మెత్తటి ఎముక మొదటిసారే వాడేశారు కాబట్టి పక్కటెముక నుంచి తీశారు, ముక్కు కంటే ఛాతీయే ఎక్కువ నొప్పెట్టింది. అందుకే ముక్కు రంధ్రాల మధ్య గోడ వంకరగా ఉందేమో ముందే చూపించుకోండి, ఉంటే రెండూ ఒకేసారి చేయొచ్చు. ఆ కంప్యూటర్ బొమ్మ హామీ కాదు, దాన్ని పక్కన పెట్టి మీ డాక్టర్ చేసినవాళ్ల ఏడాది తర్వాతి ఫొటోలు అడగండి, నెల ఫొటోలు కాదు. మళ్లీ చేయాల్సివస్తే ఖర్చెవరిదో కాగితం మీద రాయించుకోండి. సిగరెట్ అలవాటుంటే కనీసం నాలుగు వారాల ముందే మానాలి, గాయం మానదు లేకపోతే. ఆస్పిరిన్, చేపనూనె గోలీలతో సహా వేసుకునేవన్నీ చెప్పేయండి, రక్తం ఆగకపోవచ్చు.

పక్కఫోజు:
అమ్మో, ఇవేవీ అడగలేదు నేను. మళ్లీ అపాయింట్‌మెంట్ తీసుకుంటా. ఇంతకీ తుమ్మొస్తే ఆపుకోవాలా?

వాననీళ్లు:
ఆపుకోవద్దు, నోరు పెద్దగా తెరిచి తుమ్మేయండి. చీదడం మాత్రం డాక్టర్ సరే అనేదాకా వద్దు, నాకు రెండు వారాలన్నారు.