కొత్త ఆయాలకు మొదటి వారం ఏం నేర్పుతున్నారు? డేకేర్ నడిపేవాళ్లు చెప్పండి

ఆకుపచ్చ గేటు (కూకట్‌పల్లి):
మాది చిన్న డేకేర్. 22 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు, ముగ్గురు ఆయాలు. పోయిన నెలలో కొత్త ఆయా చేరిన మూడో రోజే బాక్సులు తారుమారు చేసి, పల్లీలు పడని పాపకు ఇడ్లీలో పల్లీ చట్నీ పెట్టేసింది. పెదవులు వాచి ఒళ్లంతా దద్దుర్లు. పరుగున ఆస్పత్రికి తీసుకెళ్లాం, గండం గడిచింది. 'రూల్స్ పేపర్ ఇచ్చాను కదా' అని అందరి ముందూ ఆమె మీద అరిచాను. మర్నాటి నుంచి రాలేదు. ఇప్పుడు ఇంకో ఇద్దరు చేరుతున్నారు. నాకు ఒకటే టెన్షన్.

రిటైర్డ్ సూపర్‌వైజర్ (హనుమకొండ):
ఆ పేపర్ ఎన్ని పేజీలమ్మా? ఏ భాషలో?

ఆకుపచ్చ గేటు:
6 పేజీలు. ఇంగ్లీషులో.

రిటైర్డ్ సూపర్‌వైజర్:
అనుకున్నాను. నేను అంగన్‌వాడీలు చూసిన రోజుల్లో, ట్రైనింగ్‌లో బరువు తూచడం బాగా నేర్చుకుని వచ్చిన టీచర్లు కూడా సెంటర్లో ఏడ్చి కాళ్లు తన్నే పిల్లాడిని వేలాడే తూకంలో కూర్చోబెట్టలేక చెమటలు కక్కేవాళ్లు. పాత టీచర్ పక్కన నాలుగు రోజులు ఉంటే వచ్చేసేది. కొత్త మనిషిని మొదటి వారం పిల్లలతో ఒంటరిగా వదలొద్దు. బాత్‌రూమ్‌కు తీసుకెళ్లేటప్పుడు కూడా పాత ఆయా కంటికి కనిపించాలి.

బెజవాడ ఆయా:
నేనూ ఆయానే, ఆరేళ్లుగా. మా అబ్బాయి టైపు చేసి పెడుతున్నాడు. నేను చేరిన రోజు 14 మంది పిల్లల పేర్లు ఒక్క గుక్కలో చెప్పేశారు. ఎవరు ఎవరో తెలియడానికి వారం పట్టింది. మళ్లీ అడిగితే 'చెప్పాను కదా' అంటారని భయం, అందుకే అడగలేదు. మీ ఆయా కూడా అడగలేకపోయి ఉంటుంది మేడమ్. బాక్సు మీద పేరు కాదు, పిల్ల ఫొటో అంటించండి. పడని తిండి ఉన్న పిల్లల బాక్సులకు ఎర్ర రిబ్బను కట్టి, వేరే అరలో పెట్టండి.

ఆఫీసు క్రెష్ (గచ్చిబౌలి):
మా దగ్గర గొడవ గేటు దగ్గర వచ్చింది. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలో క్రెష్ (ఉద్యోగుల పిల్లల్ని చూసుకునే చోటు) ఉండాలని, తల్లి రోజుకు 4 సార్లు వచ్చి బిడ్డను చూసుకోవచ్చని 2017 ప్రసూతి ప్రయోజనాల చట్ట సవరణలో వచ్చింది. ఆ సంగతి కొత్త ఆయాకు ఎవరూ చెప్పలేదు. పాలివ్వడానికి వచ్చిన తల్లిని తలుపు దగ్గరే ఆపేసి, సాయంత్రం ఎవరో 'బాబాయిని' అంటే మాత్రం బిడ్డను అప్పగించబోయింది! ఇప్పుడు మొదటి రోజు నేర్పేది గేటు పనే. రిజిస్టర్లో ఫొటో లేని మనిషి సొంత తాతయ్యే అయినా సరే, తల్లికి ఫోన్ చేశాకే.

డాలస్ పిన్ని:
నేను ఇక్కడ డేకేర్లో పసిపిల్లల గదిలో చేస్తాను. టెక్సాస్‌లో అనుభవం లేనివాళ్లకు 24 గంటల ట్రైనింగ్ ఉంటుంది, అందులో 8 గంటలు పూర్తయ్యాకే పిల్లల్ని చూసేవాళ్ల లెక్కలో మనల్ని వేస్తారు. ఏడాదిలోపు పిల్లలైతే నలుగురికి ఒకరు. మొదటి నెలలో నేను ఒక బుజ్జిగాడి తల కింద మెత్తగా దుప్పటి మడిచి పెట్టి తిట్లు తిన్నాను. ఏడాదిలోపు బిడ్డ వెల్లకిలా పడుకోవాలి, ఉయ్యాల మంచంలో దిండూ దుప్పటీ ఏమీ ఉండకూడదు. మన ఆవాల దిండు సంగతి చెబితే మా డైరెక్టర్ కళ్లు తేలేసింది.

ఇద్దరు పిల్లల తల్లి:
గొంతులో ఏదైనా అడ్డం పడితే ఏం చేయాలో కూడా నేర్పండి. మా పాప డేకేర్లో బొమ్మతో చేయిస్తారు. ఏడాదిలోపు బిడ్డను ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పట్టుకుని వీపు మీద 5 సార్లు గట్టిగా చరచడం, తిప్పి ఛాతీ మధ్యలో ఒక అరచేతి మణికట్టు వైపు భాగంతో 5 సార్లు నొక్కడం. ఒకరు చేస్తుంటే ఇంకొకరు 108కి ఫోన్. కనపడనిదాని కోసం నోట్లో వేలు పెట్టి కెలకడం మాత్రం వద్దు, ఇంకా లోపలికి పోతుంది.

మియాపూర్ మేడమ్:
అన్నీ బాగానే ఉన్నాయి గానీ, 9 వేల జీతానికి ఇన్ని నేర్చుకున్న మనిషి వెయ్యి ఎక్కువిస్తే పక్క వీధికి వెళ్లిపోతుంది. నాకు రెండుసార్లు జరిగింది.

బెజవాడ ఆయా:
వెయ్యి కోసమే వెళ్లరు మేడమ్. అందరి ముందు అరిస్తే వెళ్తారు.

ఆకుపచ్చ గేటు:
ఆ మాట గుచ్చుకుంది. ఫొటోలు ప్రింట్ చేయించాను, ఎర్ర రిబ్బన్లు కొన్నాను. 6 పేజీలు పక్కన పెట్టి పాత ఆయా చేత వాయిస్ మెసేజ్‌లు రికార్డు చేయిస్తున్నాను. వెళ్లిపోయిన ఆమెకు కూడా ఫోన్ చేసి క్షమించమన్నాను. సోమవారం వస్తానంది. టిఫిన్ల పని మాత్రం వద్దంది.