ల్యుకేమియా పాప ఉన్న ఇంట్లో ఫ్లూ వస్తే?

ప్రశ్న (పాప వాళ్ల అమ్మ)
పాపకి 6 ఏళ్లు, 18 కిలోలు. ఏఎల్ఎల్ (ఒక రకం బ్లడ్ క్యాన్సర్), మెయింటెనెన్స్ (జబ్బు తిరగబెట్టకుండా చాలాకాలం ఇచ్చే కీమో) నడుస్తోంది. పోయిన వారం ఏఎన్‌సీ (ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే న్యూట్రోఫిల్ తెల్లకణాల లెక్క) 900. నిన్న వాళ్ల నాన్నకి ఇన్‌ఫ్లుయెంజా-ఏ పాజిటివ్ వచ్చింది. పాపకి ఇప్పటికైతే జ్వరం లేదు. ముందే మందు మొదలుపెట్టాలా? టీకా ఇప్పుడు వేయించొచ్చా? రాత్రి జ్వరం వస్తే పారాసిటమాల్ వేసి పొద్దున తీసుకెళ్లొచ్చా?

జవాబు (పిల్లల క్యాన్సర్ వార్డు నర్సు)
చివరి ప్రశ్న నుంచి మొదలుపెడతానండీ. పొద్దున దాకా ఆగొద్దు. చంకలో 100.4 చూపిస్తే అర్ధరాత్రయినా వార్డుకి ఫోన్ చేసి బయల్దేరండి. 'నాన్నకి ఫ్లూ ఉంది కదా, ఇదీ అదే' అనుకోవడం దగ్గరే ప్రమాదం. పోయిన వారం 900 ఉన్న ఏఎన్‌సీ ఇవాళ 500 లోపు ఉండొచ్చు. అప్పుడు ఫ్లూతో పాటు రక్తంలో బాక్టీరియా కూడా ఉందేమో బయటినుంచి చూసి చెప్పలేం. అందుకే బ్లడ్ కల్చర్‌కి (రక్తంలో బాక్టీరియా ఉందేమో చూసే పరీక్ష) రక్తం తీసి, ఆసుపత్రికి చేరిన గంటలోపు యాంటీబయాటిక్ ఎక్కిస్తారు, ఫ్లూ పరీక్ష పాజిటివ్ వచ్చినా సరే.

పారాసిటమాల్ ముందే వేస్తే జ్వరం కనబడకుండా పోతుంది. ముందు థర్మామీటర్, ఫోన్, ఆ తర్వాతే మందు. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ అసలు వద్దు. మలద్వారంలో జ్వరం చూడొద్దు. పాప వేసుకునే కీమో మందులు 6-ఎంపీ, మెథోట్రెక్సేట్ ఆపాలా వద్దా అన్నది డాక్టరుకే వదిలేయండి.

జవాబు (ఫార్మసిస్టు)
ముందుజాగ్రత్త మందు గురించి ఇవాళే డాక్టరుకి ఫోన్ చేయండి, ఆలస్యమయ్యే కొద్దీ ఉపయోగం తగ్గుతుంది. ఒసెల్టామివిర్ అనే ఫ్లూ మందు ఇస్తారు. 15 కిలోలు దాటి 23 కిలోల దాకా 45 మి.గ్రా.; జబ్బు రాకుండా అయితే రోజుకి ఒకసారి, వచ్చాక అయితే రెండుసార్లు 5 రోజులు. ఈ పిల్లల్లో వైరస్ చాలా రోజులు ఉండిపోతుంది కాబట్టి డాక్టరు ఇంకా పొడిగించవచ్చు. కిడ్నీ సరిగా పనిచేయకపోతే మోతాదు తగ్గిస్తారు. ఏదైనా తిన్నాక వేస్తే వాంతులు తక్కువ.

సీసా మీద బలం చదవండి. మన దగ్గర దొరికే సిరప్‌లో మి.లీ.కి 12 మి.గ్రా. ఉంటుంది, అంటే పాపకి 3.75 మి.లీ. అమెరికాలో అమ్మేది మి.లీ.కి 6 మి.గ్రా., దానితో అయితే 7.5 మి.లీ. అక్కడి చుట్టాలు చెప్పిన మి.లీ. లెక్క ఇక్కడి సీసాకి వాడితే డోసు రెట్టింపవుతుంది. స్పూన్లతో కాదు, సిరంజితోనే కొలవండి.

పాప వాళ్ల అమ్మ
చాలా థ్యాంక్సండీ. జ్వరం వచ్చాక ర్యాపిడ్ కిట్‌లో నెగెటివ్ వస్తే మందు మానేయొచ్చా?

జవాబు (నర్సు)
వద్దండీ. ర్యాపిడ్ కిట్ చాలాసార్లు ఫ్లూని పట్టుకోలేదు. ముక్కు లోపలినుంచి స్వాబ్ తీసి ఆర్‌టీ-పీసీఆర్ చేయాలి, రిపోర్టు వచ్చేదాకా మందు ఆపరు. 'జ్వరం మొదలై 48 గంటలు దాటాయి, ఇక మందు దండగ' అన్న మాట మన క్యాన్సర్ పిల్లలకి కూడా వర్తించదు, ఆలస్యమైనా ఇస్తారు.

ఫ్లూ టీకా ఒసెల్టామివిర్ మీద ఉన్నా వేయించొచ్చు, కౌంట్లు చూసి డాక్టరు రోజు చెబుతారు. ఇంజెక్షన్‌దే, ముక్కులో స్ప్రేగా కొట్టే బతికున్న వైరస్ టీకా కాదు. 9 ఏళ్ల లోపు మొదటిసారి అయితే నాలుగు వారాల తేడాతో రెండు డోసులు. ప్లేట్‌లెట్లు తక్కువుంటే సన్న సూది, సూది తీశాక రుద్దకుండా 5 నిమిషాలు గట్టిగా నొక్కి పట్టాలి. కీమోలో టీకాకి స్పందన బలహీనం, కాబట్టి ఏటా వానాకాలం ముందే ఇంట్లో అందరూ వేయించుకోవాలి. ప్రస్తుతానికి నాన్నని వేరే గదిలో ఉంచండి.

జవాబు (తలసీమియా పిల్లల వాలంటీరు)
ఇది చదివే తలసీమియా తల్లిదండ్రులకి: బాబు డెఫెరిప్రోన్ (ఒంట్లో పేరుకున్న ఐరన్‌ని తీసేసే మందు) వేసుకుంటుంటే, జ్వరం వచ్చిన వెంటనే ఆ మందు ఆపి అదేరోజు ఏఎన్‌సీ చూపించండి. ఆ మందువల్లే తెల్లకణాలు పడిపోయి ఉండొచ్చు, ఫ్లూ అని సరిపెట్టుకుంటే అది దొరకదు. ప్లీహం తీసేసిన పిల్లలకి జ్వరం వస్తే అదీ అత్యవసరమే. న్యుమోకోకస్ అనే బాక్టీరియా ఇన్‌ఫెక్షన్ గంటల్లో ముదిరిపోతుంది.