అప్‌డేట్: జూరిక్ నుంచి మిలాన్, పాత లైన్లోనే వెళ్ళాం

అమ్మానాన్నలతో జూరిక్ నుంచి మిలాన్‌కి డైరెక్ట్ ట్రైనా, ఆల్ప్స్ కొండలెక్కి వెళ్ళే పాత గొట్టార్డ్ రైలు లైనా అని అడిగాను కదా, ఎక్కువమంది పాత లైనే అన్నారు, అదే చేశాం, చాలా థాంక్స్ అండి. డైరెక్ట్ ట్రైన్ 57 కిలోమీటర్ల కొత్త టన్నెల్లో దూరిపోతుంది, టైమ్ కలిసొస్తుంది కానీ అంతసేపూ ఏం కనపడదు. మేం పాత లైన్లో నడిచే ట్రెనో గొట్టార్డో అనే ట్రైన్ ఎక్కి, దారిలో బెల్లింజోనా స్టేషన్లో మిలాన్ ట్రైన్‌కి మారాం. వాసెన్ అనే ఊరి దగ్గర లైన్ కొండలోపల మెలికలు తిరుగుతూ ఎక్కుతుంది కాబట్టి ఒకే తెల్ల చర్చి మూడుసార్లు కనపడుతుంది, మొదట పైన, తర్వాత ఎదురుగా, చివరికి కింద. రెండోసారికే అమ్మ "ఇందాక చూసిందేగా ఇది!" అంటూ కిటికీకి అతుక్కుపోయింది. 1882లో మొదలైన లైన్ అంటే నాన్న అస్సలు నమ్మలేదు. బెల్లింజోనాలో మాత్రం పెద్దవాళ్ళు, సూట్‌కేసులు ఉంటే రెండు ట్రైన్ల మధ్య అరగంటైనా పెట్టుకోండి, మాకు పరుగే అయింది.