ఆర్టీసీకి నష్టమా, ప్రభుత్వానికి ఖర్చా?

చంద్రగిరి కోట: 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఉచిత బస్సు. జీరో టికెట్ కొట్టిన ప్రతిసారీ ఆర్టీసీకి నష్టమే. 1950 ఆర్టీసీ చట్టం 22వ సెక్షన్ తీసి చూడండి, సంస్థ వ్యాపార సూత్రాల మీద నడవాలని ఉంది. ఇదేం వ్యాపారం?

మాజీ క్యాషియర్: అదే చట్టంలో 34 కూడా చదవండి సార్. ప్రభుత్వం సంస్థకు ఆదేశాలివ్వొచ్చు. ఆదేశం ఇచ్చినవాళ్లే డబ్బు కట్టాలి అనేది నా మాట. జీరో టికెట్ అంటే ప్రభుత్వం పేరున రాసుకున్న బాకీ, నష్టం కాదు.

చంద్రగిరి కోట: కట్టేదాకా అది కాగితం మీద రాబడే. 22కి జవాబు చెప్పండి.

కాణిపాకం: 2020 జనవరి 1 నుంచి సిబ్బంది ప్రభుత్వ ఉద్యోగులే కదా. ఇంకా లాభనష్టాల గోలెందుకు?

మాజీ క్యాషియర్: అందుకే లెక్క ఇంకా గట్టిగా కావాలి. మనుషులు ప్రభుత్వానికి వెళ్లారు, సంస్థ మాత్రం అలాగే ఉంది. ఏ ఖర్చు ఎవరిదో విడిగా కనబడకపోతే రేపు ఎవరి తప్పు ఎవరి మీదైనా వేయొచ్చు.

అలిపిరి సుబ్బు: తిరుమల బస్సుల్లో ఉచితం లేదు. అంటే 22వ సెక్షన్ కొండ మీద క్షేమం :)

చంద్రగిరి కోట: జోకులొద్దు. క్యాషియర్ గారూ, పింఛను తీసుకుంటూ కూర్చునేవాళ్లకు నష్టం అంటే ఏం తెలుసు?

మాజీ క్యాషియర్: పింఛనా! నేను చేసింది ఇంకో ప్రభుత్వ సంస్థలో, పేరెందుకులే. పండక్కి సరుకు తక్కువ రేటుకు అమ్మమని పైనుంచి చెప్పేవాళ్లు. ఆ తేడా ఒక్కసారీ కట్టలేదు. జీతం పెంచమంటే మాత్రం 'నష్టాల్లో ఉన్నాం కదా' అనేవాళ్లు. చివరికి గేటుకు తాళం పడింది. ఆ మాట వింటే ఒళ్లు మండేది అందుకే.

చంద్రగిరి కోట: సరే, నాదీ చెప్తా. నాది షేర్ ఆటో. పొద్దున తిరుపతికి పోయే ఆడవాళ్లే నా బేరం. ఇప్పుడు మధ్యాహ్నానికి రెండో ట్రిప్పు కూడా నిండటం లేదు. అక్టోబరులో ఆటో డ్రైవర్లకు 15 వేలు వేశారు, రెండు కిస్తీలకు సరిపోయింది. ఎవరికీ నష్టం లేకపోతే ఆ 15 వేలు ఎందుకిచ్చినట్టు?

పూలబుట్ట: పొద్దున పూలు తీసుకుని పోయేదాన్ని నేనే అన్నా. రానూపోనూ ఛార్జీ మిగిలితే పిల్లోడి ట్యూషన్‌కు పోతోంది. బస్సెక్కినందుకు నన్ను తిట్టొద్దు.

చంద్రగిరి కోట: నిన్నెందుకు తిడతానమ్మా. ఆఖరి బస్సు తప్పిపోతే రా, స్టాండులోనే ఉంటా. క్యాషియర్ సార్, 22 సంగతి మాత్రం నేను వదల్లేదు.