ఎగురుతూ ఎంబీఏ చదవడం: ముందుచూపా, తొందరపాటా?

కుడిసీటు
అందరికీ నమస్తే. ఎటూ తేల్చుకోలేక ఇక్కడ అడుగుతున్నాను. నా వయసు 38, పదకొండేళ్లుగా ఎగురుతున్నాను, ఇప్పుడు ఎయిర్‌బస్ 320 మీద ఫస్ట్ ఆఫీసర్‌ని (కో-పైలట్‌ని), కమాండ్ అప్‌గ్రేడ్, అంటే కెప్టెన్ కావడం, వచ్చే ఏడాది ఉండొచ్చు. ఒక ఎగ్జిక్యూటివ్ ఎంబీఏలో సీటు వచ్చింది. రెండేళ్ల కోర్సు, వారాంతాల్లో క్లాసులు, మొదటి వాయిదా కట్టడానికి ఇంకో మూడు వారాలే టైముంది.

ఎందుకు అప్లై చేశానంటే, పోయినసారి మెడికల్‌లో (పైలట్లకి తప్పనిసరి ఆరోగ్య పరీక్షలో) ఈసీజీ రెండోసారి తీశారు. మొదటి దాంట్లో ఏదో చిన్న తేడా కనిపించిందట. రెండోది బాగానే వచ్చింది, సర్టిఫికెట్ ఇచ్చేశారు. కానీ ఆ మధ్యలో ఇరవై నిమిషాలు, ఛాతీకి వైర్లు అంటించుకుని ఆ బల్ల మీద పడుకుని, ఇది పోతే నాకు చేతనైన పని ఇంకేముంది అని ఒక్కటే ఆలోచన. డాక్టర్ లోపలికొచ్చి "లేవండి, అంతా ఓకే" అన్నాక కూడా చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి చేతులు సరిగ్గా ఆడలేదు. ఏం లేకపోయినా 65కి ఎలాగూ ఆపేయాలి. ఈలోపే ఆగిపోతే ఏంటి? ఎంబీఏ చేసినవాళ్లు, చేద్దామనుకుని మానేసినవాళ్లు మీ అనుభవం చెప్పండి.

ఎత్తు37000
చేసెయ్యి బ్రదర్, ఆలోచించకు. 2019లో ప్రపంచమంతా కలిపి 450 కోట్ల మంది విమానాల్లో తిరిగితే 2020లో అది 180 కోట్లకు పడింది. నా బ్యాచ్‌లో సగం మంది నెలల తరబడి ఇంట్లో కూర్చున్నారు. చేతిలో లైసెన్సు ఉంది, మెడికల్ ఉంది, ఎగరడానికి విమానం లేదు. అప్పుడు తెలిసింది మన చదువంతా ఒకే గదికి పనికొచ్చే తాళంచెవి అని. విల్లీ వాల్ష్‌ని చూడు. 1979లో ఏర్ లింగస్‌లో క్యాడెట్ పైలట్‌గా చేరి, మేనేజ్‌మెంట్‌లో మాస్టర్స్ చేసి, అదే కంపెనీకి సీఈఓ అయ్యాడు. తర్వాత బ్రిటిష్ ఎయిర్‌వేస్, 2021లో ఎయిర్‌లైన్ల అంతర్జాతీయ సంఘం ఐఏటీఏకి డైరెక్టర్ జనరల్. 2014 నుంచి లుఫ్తాన్సాని నడుపుతున్న కార్స్టెన్ స్పోర్‌కి కూడా ఏ320 లైసెన్సు ఉంది. ఇంకేం కావాలి?

పాత కెప్టెన్
ఈ రెండు పేర్లూ ప్రతి చర్చలోనూ వస్తాయి, కాస్త దగ్గరికెళ్లి చూడండి. వాల్ష్ ఎగురుతున్న రోజుల్లోనే పైలట్ల యూనియన్ తరఫున యాజమాన్యంతో బేరాలాడినవాడు. జీతాలు, డ్యూటీ గంటలు, కంపెనీ లెక్కలు అన్నీ ఆ బల్ల దగ్గరే నేర్చుకున్నాడు. 2001లో సీఈఓ కాకముందు ఏర్ లింగస్ వాళ్ల స్పానిష్ చార్టర్ కంపెనీని నడిపాడు. స్పోర్ సంగతి పూర్తిగా వేరు. ఆయనది ముందే ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్, లైసెన్సు ఉన్నా కెరీర్ సాగింది మేనేజ్‌మెంట్‌లోనే. నన్నడిగితే చూడాల్సింది యోషిహారు ఉయెకిని. 2010లో దివాలా తీసిన జపాన్ ఎయిర్‌లైన్స్‌కి 2012లో ప్రెసిడెంట్ అయ్యాడు. ఏళ్ల తరబడి కెప్టెన్‌గా ఎగిరి, ఫ్లైట్ ఆపరేషన్స్ మీదుగా పైకొచ్చాడు.

అంటే డిగ్రీ దండగ అనడం లేదు. డిగ్రీ చూసి ఎవరూ కుర్చీ వెయ్యరు అంటున్నాను. ముందు ఆఫీసులో ఏదో ఒక పని నెత్తినేసుకోవాలి బాబూ. రోస్టర్ (డ్యూటీల పట్టిక) కమిటీయో, ఫ్లీట్ ఆఫీసో, సేఫ్టీయో. అందులో రెండేళ్లు నలిగాక, నీకు ఏం రాదో నీకే తెలుస్తుంది. అప్పుడు కాలేజీకి వెళితే క్లాసులో చెప్పే ప్రతి మాటా ఎక్కడో ఒకచోట అతుక్కుంటుంది. పైగా కమాండ్ ట్రైనింగ్ ఏడాదిలో ఎంబీఏ ఏమిటి? రెండు పడవల మీద కాళ్లు.

సేఫ్టీ డెస్క్
కెప్టెన్ గారితో చాలావరకు ఏకీభవిస్తాను, కానీ నా కథ కొంచెం తేడా. నేను ఎగురుతూనే ఐదేళ్ల కిందట సేఫ్టీ విభాగంలోకి వచ్చాను. ఐకావో (ఐక్యరాజ్యసమితి విమానయాన సంస్థ) సేఫ్టీ మేనేజ్‌మెంట్ నిబంధనలు, అంటే అనెక్స్ 19, 2013లో అమల్లోకి వచ్చాక సేఫ్టీ మేనేజ్‌మెంట్ అనేది ఎయిర్‌లైన్ నడిపే పద్ధతిలోనే భాగమైపోయింది, ఇక్కడ పైలట్ల అవసరం నిజంగా ఉంది. మొదటి ఏడాది ఒక రన్‌వే మీద అన్‌స్టేబుల్ అప్రోచ్‌లు (వేగం, ఎత్తు కుదరకుండానే దిగడానికి రావడం) ఎక్కువవుతున్నాయని ఫ్లైట్ డేటాలో పట్టుకున్నాం. అందరికీ అదనంగా ఒక సిమ్ (సిమ్యులేటర్) సెషన్ కావాలని రిపోర్టు రాసి మీటింగ్‌కి తీసుకెళ్లాను. గ్రాఫులన్నీ బాగున్నాయి. ఫైనాన్స్ ఆయన ఒకే ప్రశ్న అడిగారు: "దీనికి ఎన్ని క్రూ రోజులు పోతాయి, ఆ రోజుల్లో రోస్టర్ ఎవరితో నింపుతారు?" నా దగ్గర జవాబు లేదు. గో-అరౌండ్‌కి (దిగకుండా మళ్లీ పైకి లేవడానికి) ఎంత ఇంధనం కాలుతుందో చెప్పగలను, ఒక పైలట్‌ని ఒక రోజు లైన్ నుంచి తీస్తే కంపెనీకి ఎంత ఖర్చో చెప్పలేను. ఫైలు మూసి బయటికొచ్చాను. అడిగిన సెషన్ ఐదు నెలలు ఆలస్యమైంది. ఆ ఐదు నెలలూ ఆ రన్‌వే మీద దిగే ప్రతి ఫ్లైట్ డేటా చూస్తున్నప్పుడు నాకు గుండె దడే.

ఆ తర్వాతే చదివాను. ఎంబీఏ కాదు, ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్ మేనేజ్‌మెంట్‌లో ఎమ్మెస్సీ. క్రాన్‌ఫీల్డ్ లాంటి చోట్ల ఉంటుంది, ఎంబ్రీ-రిడిల్‌లో అయితే ఏవియేషన్ ఎంబీఏనే ఉంది. విమానరంగంలోనే ఉండాలనుకుంటే ఇవి కూడా చూడు తమ్ముడూ. బయటికి వెళ్లిపోవాలనుకుంటే మామూలు ఎంబీఏ.

రెస్ట్ పీరియడ్
ఇక్కడ ఎవరూ అనని మాట ఒకటుంది, నేను అంటాను, కోపాలు తెచ్చుకోకండి. చదివేది ఎప్పుడు? "నెలకి వంద గంటలే కదా ఎగిరేది, బోలెడు ఖాళీ" అని బయటివాళ్లు అంటారు, మనవాళ్లు కూడా కాలేజీ ఇంటర్వ్యూలో అదే చెబుతారు. వంద ఎగిరే గంటలు మాత్రమే. యూరప్ నిబంధనల్లో 28 రోజులకి డ్యూటీ గంటలు 190 దాకా ఉండొచ్చు. మిగిలిన దాంట్లో ఇల్లు, ప్రయాణం, సిమ్‌కి ప్రిపేర్ కావడం, నిద్ర. ఎంబీఏ వీటిలో దేన్ని తింటుంది? నిద్రనే. రెండు డ్యూటీల మధ్య కనీసం పది గంటల విశ్రాంతి, అందులో ఎనిమిది గంటలు పడుకునే వీలు ఉండాలని అమెరికా రూలు. ఆ ఎనిమిది గంటలు మనకిచ్చింది అసైన్‌మెంట్లు రాసుకోవడానికి కాదు.

నేను చేశాను కాబట్టే చెబుతున్నాను. లేఓవర్‌లో, అంటే డ్యూటీల మధ్య బయటి ఊళ్లో ఆగినప్పుడు, హోటల్లో కర్టెన్ సందులోంచి వెలుతురు రాకుండా ప్యాంటు హ్యాంగర్ క్లిప్పులతో బిగించి, నిద్రపోకుండా ల్యాప్‌టాప్ తెరిచి గ్రూపు ప్రాజెక్టు కాల్‌లో కూర్చున్నాను. నా టీమ్‌లో మిగతా నలుగురికీ అది మధ్యాహ్నం. నాకు ఆ రాత్రి పన్నెండుకి పికప్. మూడో సెక్టర్‌లో (ఆ డ్యూటీలో మూడో ఫ్లైట్‌లో) కంట్రోలర్ ఇచ్చిన ఎత్తు ఒకటి, నేను సెట్ చేసింది ఇంకొకటి. పక్కనున్న కెప్టెన్ చూసి వేలు పెట్టి చూపించారు, సరిచేశాను, ఏం జరగలేదు. దిగాక నేనే రిపోర్టు రాశాను. మూడు రోజుల తర్వాత కోర్సు మానేశాను, కట్టిన ఫీజు తిరిగి రాలేదు. 2009లో అమెరికాలో బఫెలో దగ్గర కోల్గాన్ 3407 విమానం కూలి 50 మంది పోయారు. ఆ ఫస్ట్ ఆఫీసర్ రాత్రంతా దేశం ఆ చివర నుంచి ఈ చివరికి విమానాల్లో వచ్చి డ్యూటీ ఎక్కింది. ఆ ప్రమాదం తర్వాతే అమెరికా విశ్రాంతి నిబంధనలు తిరగరాసింది. రూలు రాసినవాళ్లు గంటలు ఇవ్వగలరు, ఆ గంటల్లో మనం ఏం చేస్తున్నామో వాళ్లు చూడలేరు.

ఎత్తు37000
మీ అనుభవాన్ని కాదనను, రిపోర్టు రాసినందుకు గౌరవం కూడా. కానీ ఈ లెక్కన చంటిపిల్లలున్న పైలట్లెవరూ ఎగరకూడదు కదా? అలసట చదువు వల్లే వస్తుందా? సెలవులు కూడబెట్టుకుని, క్లాసులకి ముందు రోజు ఆఫ్ పెట్టించుకుని చక్కగా పూర్తి చేసినవాళ్లు నాకు తెలుసు.

రెస్ట్ పీరియడ్
పిల్లలు అర్ధరాత్రి లేస్తే నేను ఫెటీగ్ కాల్ (అలసిపోయాను, ఎగరలేనని ఫోన్) చేయగలను, ఎవరూ తప్పుపట్టరు. అసైన్‌మెంట్ వల్ల నిద్రపోలేదని ఎవరైనా ఫోన్ చేసి చెబుతారా? చెప్పరు, అలాగే వెళ్లి ఎగురుతారు. నా భయం అదే.

లైసెన్స్ పోయింది
ఇప్పటిదాకా చదువుతూ ఊరుకున్నాను. నాకు 46 ఏళ్లప్పుడు మెడికల్ శాశ్వతంగా పోయింది, కారణం ఇక్కడ వద్దు. అప్పటికే చేతిలో ఎంబీఏ ఉంది. ఏడాదిన్నరలో నలభై ఉద్యోగాలకి అప్లై చేశాను. ప్రతి ఇంటర్వ్యూలోనూ మొదట కాక్‌పిట్ గురించి ఆసక్తిగా అడిగేవారు, తర్వాత "మీ కింద ఎంతమంది పనిచేశారు, ఎంత బడ్జెట్ చూశారు" అనేవారు. ఇద్దరం కూర్చునే గది అండీ నాది, ఏం చెప్పను? చివరికి పని దొరికింది సిమ్యులేటర్ ఇన్‌స్ట్రక్టర్‌గా. సిమ్‌లో మాత్రమే నేర్పేవాళ్లకి చాలా చోట్ల క్లాస్ 1 మెడికల్ (ఎయిర్‌లైన్ పైలట్లకి ఉండాల్సిన మెడికల్) అక్కర్లేదు. ఎగురుతున్నప్పుడే ట్రైనింగ్ వైపు వెళ్లి ఉండటం వల్ల అది వచ్చింది. మూడేళ్లకి ఆ ట్రైనింగ్ సెంటర్ నడిపే బాధ్యత ఇచ్చారు, అక్కడ మాత్రం ఎంబీఏ రోజూ పనికొస్తోంది.

ఇంకో సంగతి. ఆ ఏడాదిన్నర ఇల్లు గడిచింది లాస్ ఆఫ్ లైసెన్స్ ఇన్సూరెన్స్‌తో (మెడికల్ పోయి ఎగరలేకపోతే డబ్బిచ్చే బీమా). కుడిసీటు గారూ, ఫీజు కట్టే ముందు మీ పాలసీ ఒకసారి మొత్తం చదవండి.

కుడిసీటు
అన్నా, మీ మాట పట్టుకుని నిన్న రాత్రి పాలసీ తీశాను. ఎనిమిదేళ్లుగా ప్రీమియం కడుతున్నాను, ఒక్కసారి కూడా పూర్తిగా చదవలేదు. వయసు పెరిగేకొద్దీ ఇచ్చే మొత్తం తగ్గుతుందని ఉంది, కొన్ని జబ్బులకి నిరీక్షణ కాలం ఉంది. నేను అనుకున్నదానిలో సగమే ఉంది. దీన్ని ముందు సరిచేసుకోవాలి, డిగ్రీ కన్నా అర్జెంటు ఇదే.

కాలేజీకి మెయిల్ పెట్టాను, సీటు ఒక ఏడాది వాయిదా వేసుకోవచ్చన్నారు. కమాండ్ అయ్యాక చేరతాను. చదవాలన్న కోరిక మాత్రం పోలేదు, అది దాచను. మా సేఫ్టీ విభాగంలో ఫ్లైట్ డేటా చూడటానికి నెలకి నాలుగు రోజులు కూర్చునే లైన్ పైలట్ ఒకరు కావాలని నోటీసు ఉంది, మూడు నెలలుగా దాని ముందు నుంచే నడుస్తున్నాను. ఇవాళ పేరిచ్చాను. సేఫ్టీ డెస్క్ అక్కా, ఆ ఫైనాన్స్ ఆయన అడిగిన ప్రశ్నకి జవాబు ఎలా లెక్కేస్తారో వీలున్నప్పుడు రాయండి.

సేఫ్టీ డెస్క్
రాస్తాను. ముందు మీ రోస్టరింగ్ వాళ్ల దగ్గరికెళ్లి స్టాండ్‌బైలో (పిలిస్తే వచ్చేలా సిద్ధంగా) ఎంతమందిని ఎందుకు ఉంచుతారో అడుగు, సగం అక్కడే అర్థమవుతుంది.

రెస్ట్ పీరియడ్
వాయిదా వెయ్యడం మంచి పని. కోర్సు మొదలయ్యాక మళ్లీ ఇక్కడికి రండి, మార్కులు వద్దు, మొదటి రెండు నెలల్లో ప్రతి డ్యూటీకి ముందు ఎన్ని గంటలు పడుకున్నారో రాయండి.