చర్చ: నల్లమలలో మొర్రికాయ, తపసి బంక సేకరణ కొన్నేళ్లు ఆపేయాలా?

పాలమూరు కుర్రాడు:
ఉగాదికి అచ్చంపేటలో మా మేనత్త వాళ్ళింటికి వెళ్ళాను. ఒకరోజు పొద్దున్నే బావతో కలిసి అడవి అంచున వాగు దాకా నడిచాం. చిన్నప్పుడు మొర్రిపండ్ల కోసం పరిగెత్తిన ఒడ్డు అది. ఈసారి అక్కడ తొమ్మిది మొర్రిచెట్లు లెక్కపెట్టాను. ఐదింటికి కొమ్మల్లేవు. కింద పడిన రెమ్మలకి పచ్చికాయలు గుత్తులుగా ఇంకా వేలాడుతున్నాయి. ఒక కాయ రాయితో పగలగొట్టి చూస్తే లోపల పప్పు గట్టిపడనే లేదు, నొక్కితే నీళ్ళు కారింది. ఆ పప్పే సారపప్పు. కిలోకి ఊళ్ళో షాపుల్లో ఎంత ధర ఉందో అందరికీ తెలుసు. ఆ ధర కోసం చెట్టునే విరిచేస్తున్నారు.

నా మాట సూటిగా చెప్తాను. మొర్రి, బంకనిచ్చే తపసి, బొమ్మలు చెక్కే పొనికి లాంటి చెట్ల దగ్గర ఐదేళ్లు సేకరణ పూర్తిగా ఆపాలి. ఆ ఐదేళ్లూ ఈ అడవి ఆదివాసులైన చెంచులకి, ఏరుకుని బతికే మిగతావాళ్ళకి ప్రభుత్వం డబ్బివ్వాలి. వాళ్ళ మీద కోపంతో ఈ మాట అనట్లేదు. చెట్టే లేకపోతే రేపు వాళ్ళకి మాత్రం ఏముంటుంది?

పాత బీటు:
బాబూ, నీతో నూటికి నూరుపాళ్ళు ఏకీభవిస్తున్నాను. ఎండాకాలంలో ఎండిపోయే అడవుల్లోనే నా అటవీశాఖ ఉద్యోగమంతా గడిచింది. గొడ్డలితో బంక తీసిన తపసి చెట్లు గాలికి విరిగి పడటం కళ్ళారా చూశాను. ఒక చెట్టు బోదె ఒకవైపంతా గుల్లయిపోయి, చెయ్యి పెడితే పొడి రాలింది. అలాంటివి ఎన్ని చూశానో లెక్క లేదు. నచ్చజెప్పాం, మీటింగులు పెట్టాం. అడవిని కొన్నాళ్ళు మనిషికి దూరంగా ఉంచితేనే అది కోలుకుంటుంది.

బంక తూకం:
పాత బీటు గారూ, మీరు చూసింది నిజమే. నేను ఎనిమిదేళ్లు బంక తీసేవాళ్ళతో కలిసి పనిచేశాను, పెంటల్లో, అంటే చెంచుల గూడేల్లో, ఉన్నాను. అందుకే కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

తపసిని, మొర్రిని ఒకే గాటన కట్టకూడదు. తపసి రాళ్ళగుట్ట మీద పెరిగే చెట్టు. వేసవిలో ఆకులన్నీ రాల్చేసి, తెల్లటి బోదెతో దూరం నుంచే మెరుస్తూ కనబడుతుంది. బెరడు పైపొర కాగితంలా ఊడుతుంది. పాత పద్ధతిలో గొడ్డలితో కొయ్య తగిలేదాకా చెక్కేవాళ్ళు. బంక దండిగా కారేది, గాయం మాత్రం మానేది కాదు. 1990ల్లో గిరిజన సహకార సంస్థ, కోవెల్ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ వేరే పద్ధతి నేర్పాయి. చుట్టుకొలత మూడడుగులు లేని చెట్టును ముట్టుకోకూడదు. పదునైన చిన్న కత్తితో బెరడు మాత్రమే, అర సెంటీమీటరు లోతు మించకుండా గీయాలి. కారిన బంక మట్టిలో పడకుండా పట్టాలి. కొన్నాళ్ళు తీశాక చెట్టుకి విరామం ఇవ్వాలి.

నేను మొదటిసారి కత్తి పట్టుకున్నప్పుడు లోతు ఎక్కువైంది. పక్కనున్న చెంచు పెద్దాయన నా చేతిలోంచి కత్తి లాక్కుని, గాటు మీద బొటనవేలు పెట్టి చూపించాడు. "ఇక్కడ తడి తగుల్తాంది, ఇంతే చాలు. దీని కిందికి పోతే దాని పానం" అన్నాడు. గోరంత తేడా. ఆ తేడా తెలిసిన మనిషిని ఐదేళ్లు ఇంట్లో కూర్చోబెడితే ఆయన కొడుక్కి ఆ పని ఎవరు నేర్పుతారు?

ఇంకో సంగతి. బంక తెల్లగా, బెరడు ముక్కలు లేకుండా ఉంటేనే మొదటి రకం ధర. ఇది ఐస్‌క్రీములోకి పోతుంది, కట్టుడుపళ్ళు అతికించే పొడిలోకి పోతుంది, మలబద్ధకం మందులోకి పోతుంది. గొడ్డలితో చెక్కితే నల్లబంక, చెత్త బంక వస్తుంది. అంటే ఇక్కడ చెట్టుకి మంచిదే మనిషి జేబుకీ మంచిది. మొర్రికి ఆ వీలు లేదు. కాయ పండేదాకా ఆగితే రేపు ఇంకొకడు వచ్చి కోసుకుపోతాడని భయం. కొమ్మ నరికేది ఆ భయమే.

పాలమూరు కుర్రాడు:
అక్కా, ఈ తేడా నాకు నిజంగా తెలియదు. అయితే మొర్రికి మాత్రం నిషేధం పెట్టొచ్చు కదా?

గట్టు మీద ఇప్ప:
నిషేధం పెడితే ఎవరు ఆగుతారు తమ్ముడూ? ఎర్రచందనం 1995 నుంచి సైటిస్ జాబితాలో ఉంది, అంటే ముప్పులో ఉన్న జాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందంలో. నరికితే జైలు. అయినా శేషాచలంలో దొంగలు ఆగారా? నిషేధానికి భయపడి ఆగేది గంప పట్టుకుని నడిచొచ్చే ఆడమనిషి మాత్రమే. బండేసుకుని వచ్చేవాడు రాత్రిపూట వస్తాడు.

2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద ఆదివాసులకి యాజమాన్య హక్కు ఇచ్చింది. అడవిని కాపాడే అధికారం కూడా గ్రామసభకి ఇచ్చింది. ఆ రెండో ముక్క ఎవరూ గుర్తుచేయరు. పలానా తేదీకి ముందు మొర్రికాయ కోయకూడదని గ్రామసభ తీర్మానం చేసి, పచ్చికాయ కొనే వ్యాపారిని ఊళ్ళోకి రానివ్వకపోతే సగం పని అయిపోతుంది. అమ్ముడుపోని కాయ కోసం ఎవరూ చెట్టెక్కరు.

నిర్మల్ కొయ్య:
పొనికి పేరు కూడా రాశారు కాబట్టి నేనూ మాట్లాడాలి. మా ఇంట్లో మూడు తరాలుగా బొమ్మలే చేస్తున్నాం. పొనికి కర్ర చేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. ఉలి పెడితే చీలదు, ముక్క కింద వెన్నలా లేస్తుంది. నిర్మల్ బొమ్మకీ, అటు కొండపల్లి బొమ్మకీ ఇదే ప్రాణం. నా చిన్నప్పుడు నాన్న పొద్దున పోయి సాయంత్రానికి కర్ర తెచ్చేవాడు. ఇప్పుడు కర్ర దొరకడమే పెద్ద టెన్షన్. దొరికింది కూడా సన్నగా ఉంటోంది, దానితో పెద్ద బొమ్మ రాదు.

నా మాట మా వాళ్ళకి నచ్చకపోవచ్చు, అయినా చెప్తాను. పొనికికి మాత్రం అడవిలో నరుకుడు ఆపాల్సిందే. బంకలాగా, పండులాగా కాదు, బొమ్మకి చెట్టే కావాలి. ఏటికొప్పాక లక్కబొమ్మల వాళ్ళు వాడే అంకుడు చెట్టుకి కొమ్మ కొడితే మళ్ళీ చిగురేస్తుంది, వాళ్ళ పని కొంత నయం. మాకు తోటలు పెంచాలి. ఆపడం, పెంచడం రెండూ ఒకే రోజు మొదలవ్వాలి. ఆపడం ఇవాళ, పెంచడం పదేళ్ళ తర్వాత అంటే బొమ్మ పోతుంది, దాంతోపాటు చెట్టును అడిగేవాడూ పోతాడు.

మొలక:
అందరూ పెద్ద చెట్ల గురించే మాట్లాడుతున్నారు. పాలమూరు కుర్రాడు గారూ, ఆ వాగు ఒడ్డున మొర్రి మొక్కలు, మోకాలెత్తువి, ఎన్ని కనిపించాయి?

పాలమూరు కుర్రాడు:
చూడలేదు. గుర్తు తెచ్చుకుంటే ఒక్కటీ కనిపించినట్టు లేదు.

మొలక:
అసలు జబ్బు అక్కడుంది. పండు పండనివ్వకపోతే గింజ నేల మీద పడదు. పడి మొలిచినా మేకలు తింటాయి. వాటి నుంచి తప్పించుకున్నదాన్ని వేసవి మంటలు కాల్చేస్తాయి. ఇప్పనే చూడండి. దాన్ని ఎవరూ నరకరు, దేవతలా చూసుకుంటారు. కానీ తెల్లారేసరికి రాలిన పువ్వు కనబడాలని చెట్టు కింద ఆకులకి నిప్పు పెడతారు. పెద్ద చెట్టుకి ఏమీ కాదు, కింద మొలకలన్నీ మాడిపోతాయి. తర్వాత పువ్వు పోగా మిగిలిన కాయల్ని నూనె కోసం ఏరేస్తారు. ముసలి ఇప్పలు ఉన్నాయి, పిల్ల ఇప్పలు లేవు. ఉట్నూరు ఆడవాళ్ళు ఇప్పపువ్వు లడ్డూలతో మంచి పేరు తెచ్చారు, నాకు చాలా సంతోషం. ఆ లడ్డూకి ఇంకో యాభై ఏళ్ళ తర్వాత పువ్వు ఏ చెట్టు ఇస్తుంది?

నిప్పు బదులు ఆకులు ఊడ్చి పాత చీరలు పరిస్తే చాలు. నేను చూసిన ఒక ఊళ్ళో అలాగే చేస్తున్నారు. పువ్వుకి మట్టి కూడా అంటడం లేదు. ఐదేళ్లు మనుషుల్ని ఆపి, మేకల్నీ మంటల్నీ వదిలేస్తే ఆరో ఏడు కూడా అదే తొమ్మిది చెట్లు ఉంటాయి.

పాత బీటు:
మొలక గారు చెప్పింది కాదనలేను. మంటలు ఆర్పడానికి రాత్రుళ్ళు పచ్చిరెమ్మలు పట్టుకుని పరిగెత్తిన వాళ్ళలో నేనూ ఉన్నాను. ఆర్పడానికి మాతో వచ్చింది కూడా పెంటల వాళ్ళే, అది దాచను. అయితే గ్రామసభ తీర్మానంతో పచ్చికాయ ఆగుతుందని మాత్రం నమ్మను. పక్క ఊరి వాళ్ళు వచ్చి కోస్తే ఎవరు అడ్డుకుంటారు? తపసి విషయంలో నా మాట సడలిస్తాను, కత్తి పట్టడం వచ్చినవాళ్ళకే అనుమతి ఇవ్వాలి. మొర్రికి నిషేధమే.

గట్టు మీద ఇప్ప:
పక్క ఊరి వాళ్ళని అడ్డుకోవడానికే ఆ ఊరికి రాతపూర్వకంగా హక్కు కావాలి సార్. ఇది నాది అని కాగితం ఉన్నవాడే అర్ధరాత్రి లేచి వెళ్తాడు.

పాలమూరు కుర్రాడు:
ఐదేళ్ల పూర్తి నిషేధం అన్న నా మొదటి మాట వెనక్కి తీసుకుంటున్నాను. మొర్రికి తేదీ పెట్టాలి, పచ్చికాయ కొనేవాడిని ముందు పట్టుకోవాలి. పొనికి మీద నిర్మల్ అన్న చెప్పిందే సరైంది. ఇంకో విషయం, మా మేనత్త వాళ్ళ చేనుగట్టున ఇప్ప పెడదామనుకుంటున్నాం. గింజలు ఎప్పుడు వేయాలి?

మొలక:
పండు రాలగానే. ఇప్పగింజ నిల్వ ఉండదు, కొన్ని వారాల్లోనే మొలిచే శక్తి పోతుంది. సంచిలో కట్టి వచ్చే ఏడాదికి దాచొద్దు. తొలకరికి కాస్త అటూ ఇటూగా రాలిన పండు పిసికి, గింజ కడిగి, అదే వారంలో పాతండి. చుట్టూ ముళ్ళకంప కట్టడం మరిచిపోకండి, మేనత్త గారికి మేకలున్నాయా?