పదమూడు దాటిన పిల్లలకు తెలుగులో వేరే పుస్తకాలు కావాలా?

పాతపేజీ (గుంటూరు):
ఈ మధ్య ఎక్కడ చూసినా "టీనేజీ పిల్లలకు తెలుగులో పుస్తకాల్లేవు" అంటున్నారు. నాకీ మాట మింగుడుపడడం లేదు. మేం చందమామ చదివాం. అది దాటగానే అద్దె పుస్తకాల షాపులో మధుబాబు షాడో నవలలు పట్టాం, ఇంట్లో అమ్మ చదివే వారపత్రికలు లాక్కుని సీరియళ్ళు చదివాం. డిగ్రీకి వచ్చేసరికి చలం, రావిశాస్త్రి. మధ్యలో ఒక మెట్టు లేదని ఎవరం పడిపోలేదు. 'యంగ్ అడల్ట్' అన్నది టీనేజీ పిల్లల పుస్తకాలకు అమెరికా పబ్లిషర్లు అమ్మకాల కోసం పెట్టుకున్న పేరు, మనకెందుకు? పైగా నలభై ఏళ్ళు వచ్చాక కూడా ఆ పుస్తకాలే చదివి సమీక్షలు రాసేవాళ్ళు పిల్లల తరఫున ఏం చెప్పగలరు?

పిల్లలపుస్తకాలు (హైదరాబాద్):
చివరి ప్రశ్న నాలాంటి వాళ్ళకే కాబట్టి ముందు దానికి జవాబు చెప్తానండీ. నేను చదివేవాటిలో ఎక్కువ భాగం ఈ పుస్తకాలే. ప్రతిదాన్నీ ఒకసారి మనసులో, ఒకసారి పైకి చదువుతాను. పైకి చదివితే లోపం ఇట్టే పట్టుబడుతుంది. పన్నెండేళ్ళ పిల్లాడు "నాన్నగారూ, ఇకమీదట నేను అసత్యమాడను" అంటుంటే నాకే నోరు తిరగదు. ఏ ఇంట్లో పిల్లాడు అలా మాట్లాడతాడు? పెద్దవాళ్ళం చేయగలిగింది ఇదే: పిల్లల తరఫున తీర్పు చెప్పడం కాదు, వాళ్ళ చేతికి ఇచ్చే ముందు శ్రద్ధగా చదవడం.

ఇక ఆ పేరు సంగతి. దాని వెనక ఉన్నది పబ్లిషర్లు మాత్రమే కాదు, లైబ్రేరియన్లు కూడా. 1957లోనే అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్‌లో ఈ వయసు పాఠకుల సేవల కోసం విడిగా ఒక విభాగం ఏర్పడింది. 1967లో 'ది అవుట్‌సైడర్స్' నవల వచ్చేటప్పటికి దాన్ని రాసిన ఎస్.ఇ. హింటన్‌కు 18 ఏళ్ళు. తన చుట్టూ ఉన్న కుర్రాళ్ళ బతుకు పుస్తకాల్లో కనపడకపోతే తనే కూర్చుని రాసింది. మన దగ్గర సాహిత్య అకాడెమీ 2010 నుంచి బాల సాహిత్య పురస్కారం ఇస్తోంది. మంచి పనే. కానీ అందులో లెక్కకు తీసుకునే వయసు 9 నుంచి 16. నాలుగో క్లాసు పిల్లా, ఇంటర్ హాస్టల్లో దుప్పటి ముసుగేసుకుని ఏడ్చే పిల్లా ఒకే పుస్తకం చదవాలా?

మీరు చందమామ అన్నారు. 1947 జులైలో మొదలైన ఆ పత్రిక అంటే నాకూ ప్రాణమే. కానీ అందులో పదమూడేళ్ళ వాళ్ళను పట్టి కూర్చోబెట్టింది ఏది? నాకైతే దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ళు. ఇల్లు వదిలి అడవుల్లో పడే కుర్రాళ్ళు, మాంత్రికులు, నెలంతా ఆగాల్సిన ఉత్కంఠ. చివర 'నీతి' అని మందపాటి అక్షరాలు ఉండవు. అంటే ఆ వయసుకు తగ్గ చదువు మనకూ ఉండేది, దాన్ని వేరుగా చూసి పెంచుకోలేదంతే. మీరు ఎక్కిన అద్దె షాపులు కూడా ఇప్పుడు దాదాపు కనుమరుగయ్యాయి. మీ మెట్టు మీకు ఉండింది. ఈ పిల్లలకు అదీ లేదు.

మా అపార్ట్‌మెంట్‌లో తొమ్మిదో క్లాసు చదివే ఒకమ్మాయికి ఒక కథల పుస్తకం ఇచ్చాను. తిరిగి ఇస్తూ అడిగింది: "ఆంటీ, ఇందులో ప్రతి కథలో అమ్మాయి తప్పు చేస్తుంది, ఎవరో పెద్దాయన వచ్చి చెప్తాడు, మారిపోతుంది. మరి ఆ అమ్మాయికి అప్పుడేమనిపించింది? అది రాయలేదేం?" దానికి నా దగ్గర జవాబు లేదు.

బడిపంతులు (కరీంనగర్ జిల్లా):
మీరు పుస్తకాలు రాయించండి, సంతోషం. కానీ చదివేదెవరమ్మా? తెలంగాణలో తెలుగు తప్పనిసరి చేస్తూ 2018లో చట్టం వచ్చింది. అయినా మా తొమ్మిదో తరగతిలో సగం మందికి ఒత్తులు రాగానే వేలు ఆగిపోతుంది. ఇంగ్లిష్ మీడియం పిల్లలకు ఇంకా కష్టం. ముందు అచ్చు పెద్దగా, వాక్యం చిన్నగా ఉండాలి. విషయం మాత్రం చిన్నపిల్లలది కాకూడదు. పద్నాలుగేళ్ళవాడికి కుందేలు కథ ఇస్తే వాడికి అవమానం. అలాంటి పుస్తకం దొరక్క నేనే బస్సు ప్రయాణాలు, క్రికెట్ మ్యాచ్‌ల గురించి ఒకటిన్నర పేజీ రాసి జిరాక్స్ తీసి ఇస్తున్నాను.

విశాఖ అమ్మ:
నాకు ఇద్దరు ఆడపిల్లలు. ఒక మాట సూటిగా అడుగుతాను. ఈ 'వయసుకు తగ్గ' పుస్తకాలంటే ప్రేమలు, ఇంట్లోంచి వెళ్ళిపోవడాలు, చచ్చిపోవాలనిపించడాలు, ఇవేగా? అసలే ఇంట్లో టెన్త్ టెన్షన్. లేనిపోనివి తలలోకి ఎక్కించడం ఎందుకు?

పిల్లలపుస్తకాలు (హైదరాబాద్):
మాస్టారూ, మీరు చెప్పింది నేను రాసినదానికన్నా ముఖ్యం. వాక్యం తేలిక, విషయం బరువు: ఇదే కావాలి. మన ప్రచురణల్లో ఎక్కువగా దీనికి తిరగబడి ఉంటుంది. విషయమేమో చీమ, మిడత. భాషేమో గ్రాంథికం వాసన. మీ జిరాక్స్ కాగితాలు పారేయకండి, నాకు పంపండి. చదువుతాను, పైకి కూడా.

విశాఖ అమ్మగారూ, మీ భయం తీసిపారేసేది కాదు. చెత్తగా రాసినవీ ఉన్నాయి. చావును అందంగా చూపించే పుస్తకాన్ని నేనూ ఎవరికీ ఇవ్వను. కానీ ఆ ఆలోచనలు పుస్తకంతోనే వస్తాయంటే ఒప్పుకోను. ఏటా ఇంటర్ ఫలితాల రోజున మన పేపర్లలో వచ్చే వార్తలు చూడండి. ఆ పిల్లల్లో ఎంతమంది చేతిలో కథల పుస్తకం ఉండి ఉంటుంది? ఫెయిలయిన అమ్మాయి మర్నాడు ఉదయం లేచి టిఫిన్ తిని సప్లిమెంటరీ ఫీజు కట్టడానికి వెళ్ళిన కథ ఒక్కటైనా తెలుగులో వాళ్ళకు దొరకాలని నా ఆశ. అలాంటిది దొరికితే ముందు మీకే ఇస్తాను. మీరు చదివి, సరేననిపిస్తే మీ పిల్లలకివ్వండి. అనిపించకపోతే ఏ పేజీ దగ్గర ఆగారో ఇక్కడ రాయండి, దాని మీదే మాట్లాడుకుందాం.

పాతపేజీ (గుంటూరు):
'యంగ్ అడల్ట్' అన్న పేరు నాకు ఇప్పటికీ నచ్చలేదు. కానీ దాసరి గారి సీరియళ్ళ మాట కాదనలేను. పదో తరగతిలో లెక్కల పుస్తకం మధ్యలో పెట్టుకుని చదివింది వాటినే. మాస్టారూ, ఆ కాగితాలు నాకూ ఒక సెట్ పంపగలరా? మా మనవడికి క్రికెట్ పిచ్చి.